అడవిగాచిన వెన్నెలను ఫొటో తీయడం

చిన్న చిన్న సుఖాలను మనసారా అనుభవించడం ఆధ్యాత్మిక జీవితానికి అడ్డమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నచికేతుణ్ణి సాక్ష్యానికి పిలుస్తారు. కఠోపనిషత్తులో యముడు ఎన్ని ఆశలు చూపినా ఆ పిల్లవాడు లొంగలేదు, ప్రేయస్సును వదిలి శ్రేయస్సును కోరుకున్నాడు. అందువల్ల నాలుకకూ కంటికీ చెవికీ హాయినిచ్చేది ఏదైనా దారి తప్పించేదేనని తేల్చేస్తారు. యముడు ఇస్తానన్నవి ఏమిటో మాత్రం వరుసగా చూడరు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, పశుసంపద, ఏనుగులు, గుర్రాలు, బంగారం, విశాలమైన భూమి, కోరినంత ఆయుష్షు, రథాలతో వాద్యాలతో వచ్చే సుందరీమణులు. మండుటెండలో వచ్చినవాడు తాగే చల్లటి మజ్జిగ ఆ పట్టీలో లేదు, తొలకరికి లేచే మట్టివాసన లేదు. అన్నీ పోగేసుకోవలసినవే, ఇంకొకరికంటే ఎక్కువ ఉన్నాయని చూపించుకోగలిగినవే. వాటిని కాదనడానికి నచికేతుడు చెప్పిన కారణం ఇంకా ముఖ్యమైనది. ఇవి రేపటికి నిలిచేవి కావు, పైగా ఇంద్రియాల తేజస్సును హరించేవి అన్నాడు. సుఖాన్ని తూచడానికి ఇంతకంటే మంచి తూనికరాయి నాకు కనబడలేదు. ఏ సుఖం ఇంద్రియాన్ని మొద్దుబారుస్తుందో అది విడవదగినది. ఏది చూపుకు పదును పెడుతుందో దానికి ఈ ఆక్షేపణ తగలదు. చిన్న సుఖాలు ఈ రెండో కోవకు చెందినవని నా వాదం. దానికి రుజువును మనం రోజూ వాడే జాతీయాల్లో, సామెతల్లో, వాటిని ఫొటో తీయబోతే ఎదురయ్యే చిక్కుల్లో వెతుకుతాను.

సామెతంటే ఎప్పుడో ఎవరో కళ్లారా చూసిన సంగతి. నోళ్లలో నలిగి నలిగి దాని అర్థం నిలిచింది, ఆ చూపు పోయింది. ‘నిండుకుండ తొణకదు’ అనగానే మనకు నిదానంగా మాట్లాడే పెద్దమనిషి గుర్తొస్తాడు గాని కుండ కనబడదు, నీళ్లు కనబడవు. 1559లో చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ తన ప్రాంతపు సామెతల్ని వందకు పైగా ఒకే చిత్రంలో, ఉన్న మాటను ఉన్నట్టే మనుషుల చేత చేయించి చూపించాడు. చిత్రకారుడికి ఊహ సరిపోతుంది. ఫొటో తీసేవారికి అసలు కుండ కావాలి, నీళ్లు కావాలి, మోసే మనిషి కావాలి. అవన్నీ దొరికాక కూడా సామెత వెంటనే చేతికి రాదు. షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు పెడితే నిండుకుండా వెలితికుండా రెండూ ఒకేలా బిగుసుకుపోయి కనబడతాయి, తొణుకు మాయమవుతుంది. పదిహేనో వంతుకు తగ్గించి, మనిషి నడకతో పాటు కెమెరానూ కదిపితే అప్పుడు వెలితికుండలో నీరు చెదురుతుంది, నిండుకుండలో నీటి అంచు నిలుస్తుంది. కదలికకు కాస్త వ్యవధి ఇస్తే తప్ప నిశ్చలత్వం కూడా కనబడదన్నమాట. ఈ సంగతి సామెతను వెయ్యిసార్లు పలికినా తెలియదు.

ఇంతకంటే లోతైనది అడవిగాచిన వెన్నెల. చూసి ఆనందించేవారు లేని అందం వృథా అని దాని భావం. భోక్త లేకపోతే భోగ్యానికి విలువ లేదనే ఒక పూర్తి తత్వం ఆ రెండు మాటల్లో ఇమిడి ఉంది, దాన్ని నేను ఒప్పుకోలేను. పున్నమి వెన్నెల ఎండకంటే దాదాపు 4 లక్షల రెట్లు బలహీనమైనది. ఆ వెలుగులో అడవిని ఫొటో తీయాలంటే కెమెరాను ముక్కాలిపీట మీద నిలిపి, లెన్సును తెరిచి ఉంచి, అర నిమిషమో అంతకంటే ఎక్కువో కదలకుండా కాచుకోవాలి. ఇంకా ఆశపడి మరీ ఎక్కువసేపు వెలుగును పోగుచేస్తే ఆకులకు పచ్చదనం, ఆకాశానికి నీలం వచ్చేసి బొమ్మ పట్టపగలులా తయారవుతుంది. వెన్నెల పోతుంది. మన కన్ను మసక వెలుగులో రంగుల్ని దాదాపుగా వదులుకుంటుంది, కెమెరా వదులుకోదు. కనుక వెన్నెల వెన్నెలగా ఉండాలంటే ఎక్కడ ఆపాలో తెలియాలి. భగవద్గీత ఆరో అధ్యాయం ఆహారంలోనూ విహారంలోనూ నిద్రలోనూ మితం తెలిసినవాడికే యోగం సిద్ధిస్తుందని చెప్పింది. ఆ మితం సుఖానికి బయటినుంచి వేసిన సంకెల అని చాలామంది అనుకుంటారు. వెన్నెల విషయంలో అది సుఖం లోపలే ఉంది, దాటితే మిగిలేదేమీ లేదు. ఇక వృథా సంగతి. మనిషి అక్కడికి వెళ్లక ముందు కూడా ఆ వెన్నెల కాస్తూనే ఉంది. ఆనందించేవాడు వచ్చి దానికి విలువ కట్టలేదు, అతడే దానివల్ల కొంత బాగుపడ్డాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫొటో తీయడమే అనుభవానికి శత్రువు కదా, విస్తరి ముందు కూర్చుని ఫోను ఎత్తేవాడికి పప్పు చల్లారిపోవడమే మిగులుతుంది కదా అని. నిజమే, దాన్ని నేను సమర్థించను. అక్కడ బొమ్మ ఆస్తిగా మారింది, యముడి పట్టీలోని గుర్రాల పక్కన చేరింది. సామెతకు బొమ్మ వెతకడం అలాంటిది కాదు, ఎందుకంటే దొరికినదాన్ని దొరికినట్టు జేబులో వేసుకోవడానికి అందులో వీల్లేదు. మాటను పక్కన పెట్టుకుని వస్తువును చూడాలి, అది ఒప్పుకునేదాకా ఆగాలి. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుమీద రెండు పక్షులున్నాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినక చూస్తుంది. తినే పక్షి పక్కదాన్ని చూసినప్పుడు దాని దుఃఖం తొలగిపోతుంది. చూసే పక్షి చెట్టును వదిలి ఎగిరిపోయినట్టు ఉపనిషత్తు చెప్పలేదు. తింటూ ఉండగానే చూపు మేలుకోవడం సాధ్యమని నేను దాన్ని అర్థం చేసుకుంటాను. ఇది సంప్రదాయ వ్యాఖ్యానం కాదు, నా పఠనం.

గీతే ఐదో అధ్యాయంలో స్పర్శవల్ల పుట్టే భోగాలు దుఃఖానికి మూలాలని, వాటికి మొదలూ చివరా ఉన్నాయని చెప్పింది కదా అని అడగవచ్చు. మజ్జిగ గ్లాసుకూ చివర ఉంది. అయిపోయినందుకు ఎవరూ శోకించరు. దాహం తీరింది, గ్లాసు కింద పెట్టారు. శోకం వచ్చేది అది అయిపోకూడదని పట్టుబట్టినప్పుడు. తైత్తిరీయోపనిషత్తులో భృగువు అన్నంతో మొదలుపెట్టి, ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందమే బ్రహ్మమని తెలుసుకున్నాడు. మెట్లెక్కినవాడు కింది మెట్టును మరిచిపోవాలి గదా! కాని ఆనందాన్ని చెప్పిన వెంటనే ఉపనిషత్తు మళ్లీ అన్నం దగ్గరికే వచ్చి, అన్నాన్ని నిందించకూడదని వ్రతంగా విధించింది. చిన్న సుఖాన్ని చిన్నచూపు చూసే వైరాగ్యానికి ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు.

నన్ను నిజంగా ఆపే అభ్యంతరం ఇంకొకటి. ఉన్నవాడు లేనివాడికి చెప్పే ఓదార్పు ఇది, కూలి పెంచమంటే వెన్నెలను చూపించే తెలివి ఇది అని. దానికి జవాబు వెతకాలంటే ‘చల్లకొచ్చి ముంత దాచడం’ ఫొటో తీయండి. గుమ్మంలో ఒక కూలి మనిషి, వీపు వెనక చేయి, చేతిలో ముంత, ఆమె నోట వేరే ఏవో కబుర్లు. మాటగా విన్నప్పుడు అది మొహమాటం మీద విసురు. బొమ్మగా చూస్తే, ఒక ముంతెడు చల్ల అడగడానికి కూడా మనిషిని అంతగా కుంచించుకుపోయేలా చేసినదేమిటన్న ప్రశ్న. చల్ల రుచి ఆమెకూ హక్కే, కూలీ హక్కే. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఎగ్గొట్టేవాడు చల్లను కూడా ఆమెకు దక్కనివ్వడు. ఒక పూట సుఖం ఎంత విలువైనదో తెలిసినవాడికే అది ఇంకొకరికి అందకపోవడం అన్యాయంగా తోస్తుంది. అందుకే చిన్న సుఖాల్ని తృణీకరించే మతం కంటే, వాటిని లెక్కపెట్టి అందరికీ అందాయా అని అడిగే మతాన్ని నేను నమ్ముతాను.