నొప్పికి సాక్ష్యమేది?

మొన్న దసరా సెలవులకి మా ఆడపడుచు కూతురు వచ్చింది. నర్సింగు మూడో సంవత్సరం చదువుతోంది. వచ్చిన సాయంత్రమే నోటుపుస్తకం పట్టుకుని మా అత్తగారి మంచం దగ్గర చేరింది.

"అమ్మమ్మా, నీ మోకాళ్ల నొప్పికి సున్నా నుంచి పది వరకూ ఎన్ని మార్కులు వేస్తావు?"

"మార్కులేమిటే! పాలగిన్నె దించలేను. దేవుడి ముందు కూర్చుంటే లేవలేను. రాత్రి ఇటు నుంచి అటు ఒత్తిగిలితే ప్రాణం పోతుంది. అదీ లెక్క."

పిల్ల అంతా రాసుకుంది. "ఎప్పటి నుంచి?" అంది.

"మీ అత్తయ్యకి విని విని విసుగు పుట్టకముందు నుంచీ."

వంటింట్లో పోపు వేస్తున్న నాకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లుగా డాక్టర్ల దగ్గరికి తిప్పుతున్నదెవరు? తైలం కాచి పెడుతున్నదెవరు? కానీ పోపు మాడేలోగానే ఇంకో సంగతి జ్ఞాపకం వచ్చింది. మూడేళ్ల క్రితం ఒక డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "వయసుకి తగ్గ అరుగుదలే, పెద్దగా ఏమీ లేదమ్మా" అన్నారు. ఆయన ఎముక సంగతి చెప్పారు. నేను మాత్రం నొప్పే లేదని అర్థం చేసుకున్నాను. పక్కింటావిడతో "మా అత్తగారికి అదో అలవాటు" అని కూడా అన్నాను.

జ్వరానికి థర్మామీటరుంది, చక్కెరకి రక్తపరీక్ష ఉంది. నొప్పికి ఆ మనిషి మాటే సాక్ష్యం. మరి ఒక మనిషి మాటని ఎంతవరకు నమ్మాలి? రాత్రి భోజనాలయ్యాక ఇదే అడిగాను మేనకోడల్ని.

"మాకు మొదటి పాఠమే అది అత్తయ్యా" అంది. నొప్పి అని రోగి చెబితే ఆ మాటని గౌరవించాలట. మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు 1968లోనే ఈ సంగతి గట్టిగా చెప్పింది. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి నిర్వచనం సవరించినప్పుడు దాన్ని వివరణలో చేర్చింది. కొత్తగా వచ్చిన నొప్పి ప్రమాదగంటలాంటిది. మూడు నెలలు దాటినా పోని నొప్పిలో, ఒక్కోసారి ఆ గంటే మరీ సున్నితమైపోయి చిన్న కదలికకే మోగుతుందట. అందుకే బాగా అరిగిన మోకాలున్న మనిషి హాయిగా తిరగొచ్చు, ఫిల్ము బాగానే ఉన్న మనిషి మూలగొచ్చు.

"అబద్ధం చెప్పేవాళ్లు ఉండరా?" అన్నాను.

"ఉంటారు. వాళ్లని నమ్మితే మనం మోసపోతాం. నిజం చెప్పేవాళ్లని నమ్మకపోతే వాళ్లు ఒంటరివాళ్లవుతారు. ఏది పెద్ద తప్పు?"

నవలలు రాసే నా దగ్గర జవాబు లేదు.

నమ్మడమంటే అడిగిన మాత్రల్లా ఇచ్చేయడం కాదని కూడా చెప్పింది. నొప్పి మాత్రలు ఎక్కువైతే కడుపుకీ కిడ్నీలకీ చేటు. పాతనొప్పిని సున్నాకి దించడం చాలాసార్లు కుదరదు. అమ్మమ్మ మళ్లీ దేవుడి దగ్గర కూర్చోగలదా, నిద్ర పడుతుందా అన్నదే లెక్క. దానికి తగిన వ్యాయామం, కాస్త పని కాస్త విశ్రాంతి, ఎత్తు పీట, వినే మనిషి, అన్నీ మందులే.

దయ అనేది పుట్టుకతో రావాలి గానీ పాఠాలతో రాదని ఇన్నాళ్లూ అనుకున్నాను. 2019లో మన ఎం.బి.బి.ఎస్. చదువులో రోగితో మాట్లాడే తీరునీ, నీతినీ పాఠాలుగా చేర్చారని విని నవ్వుకున్నదాన్ని కూడా. ఈ పిల్ల నాకంటే దయగలదేమీ కాదు. చిన్నప్పుడు మా ఇంటి పిల్లి తోక పట్టుకుని లాగేది! కానీ ఒక పద్ధతి నేర్చుకుంది. అడగడం, చివరిదాకా వినడం, వాళ్ల మాటల్లోనే రాసుకోవడం. నా దయ రెండో ఏడాదికే అలిసిపోయింది. దయ అలిసినచోట ఆ పద్ధతి మనిషిని నిలబెడుతుంది కాబోలు. కట్టుకట్టడంలాగే వినడం కూడా నేర్చుకోవలసిన పనే. మరి ఇంట్లో ఏళ్లతరబడి రోగుల్ని చూసుకునేది మనమే కదా, మనకి ఆ పాఠం ఎవరు చెప్పారు?

మర్నాడు కాఫీ ఇస్తూ "రాత్రి నొప్పి ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగి పక్కనే కూర్చున్నాను.

ఆవిడ నన్ను అనుమానంగా చూశారు. "ఏం, నువ్వూ పరీక్షకి చదువుతున్నావా?"

"అవునండీ" అన్నాను.

కాసేపు గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నారు. తర్వాత మెల్లిగా చెప్పడం మొదలుపెట్టారు. స్టవ్ మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఒక్కసారికి పొంగనిచ్చాను.