తోడు ప్రయాణము – ఆపద్ధర్మము

పదిమంది కూడి ఒక పనికి బయలుదేరినపుడు, వారిలో నశక్తుడైన వానికి మిగిలినవారు బాకీపడి యుందురా, లేక వారు చేయునదెల్ల దయయేనా యను ప్రశ్న మిక్కిలి పాతది. మన గృహములలోను, సమాజములలోను దీనిని తఱచు దయ క్రిందనే జమకట్టుచున్నాము. దయ యనుకొన్నచో నొక సౌఖ్యము కలదు. ఎండ కాయునంతకాలము చూపి, వాన పట్టగానే మానుకొనవచ్చును. బాకీ యట్లు కాదు. వాన కురిసినదని అప్పు తీఱిపోదు గదా! ఈ భేదమును గ్రంథములలో వెదకుటకంటె నొక సైకిలు జట్టు నడవడిలో చూచుట సులభమని మా తలంపు.

గడచిన శ్రావణమున నొక శనివారము తెల్లవాఱుజామున హైదరాబాదునుండి పదునలుగురు సైకిళ్లపై అనంతగిరికి బయలుదేరిరి. మేమును వారిలో నుంటిమి. మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడల మీదుగా వికారాబాదు చేరి, కొండపై రాత్రి గడపి, ఆదివారము మరలి వచ్చుట సంకల్పము. పోవుదారి దాదాపు 80 కిలోమీటర్లు. బయలుదేరునపుడు నాయకుడు అందఱును వినునట్లు, ఎవరిని విడిచి పోరాదని చెప్పెను. అందఱును సంతోషముతో నొప్పుకొనిరి. అప్పటికి చుక్కలు కనబడుచున్నవి.

చేవెళ్ల దాటిన పిమ్మట పడమటి గాలితో గూడ వాన యెదురువచ్చెను. చక్రపు అంచును పట్టు బ్రేకులు తడిసినచో వెంటనే పట్టవు. కావున ఒకరి కొకరికి ఎడము పెంచుకొనవలసి వచ్చెను. ఒకరి టైరు గుంతలో పడి పంక్చరయ్యెను. ఇంకొకరు బురదలో జారి మోచేయి గీచుకొనిరి. ఇవి అందఱకును కలుగునవే. అసలు చిక్కు ఒక బ్యాంకు గుమాస్తాగారి విషయమున కలిగెను. ఏబది యేండ్లవారు, జట్టునకు క్రొత్తవారు. ఆయన క్రమముగా వెనుకబడి, చూచుచుండగనే వానతెరలో కానరాకపోయిరి.

మన్నెగూడకు ఈవల నొక టీకొట్టు రేకుల క్రింద తక్కిన పదుమువ్వురమును ఆగితిమి. తడిసిన ఒడలు కదలిక మానినంతనే చల్లబడును. పావుగంట గడచుసరికి కొందఱకు వణకు పుట్టెను. అప్పుడు జట్టులో నొక యువకుడు, చదువుకొన్నవాడు, స్వభావమున మంచివాడు, నాయకునితో నిట్లనెను: "అన్నా, ఇది ఆపత్సమయము. ఆపదలో ఎవరిని వారు కాపాడుకొనుటయే ధర్మమని మన పెద్దలే చెప్పిరి. ఆయనకు ఫోనున్నది, దారి తెలియును. మనము పోదము." నలుగురైదుగురు తలలూపిరి.

వణకుచున్న పదుముగ్గురిని ఒకని కొఱకు నిలిపియుంచుట న్యాయమా యను ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. ఆపద్ధర్మ మను మాట వాడిన తీరు మాత్రము మాకు సరిపడలేదు. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు ఆపద్ధర్మమును విస్తరించి చెప్పెను. ఆ సడలింపు ఆపదలో నున్నవానికి. వేడి టీగ్లాసు చేతబట్టి రేకుల క్రింద నిలిచినవానికి కలిగినది ఇబ్బంది. కంకరలారీలు తిరుగు దారిలో, వానలో, ఒంటిగా నున్నవానికి కలిగినది ఆపద. ఆపద్ధర్మమును చెప్పుకొను అధికార మెవరికైన నున్నచో అది ఆయనకే. తన యిబ్బందికి ఆపద యనియు, ఎదుటివాని ఆపదకు ఇబ్బంది యనియు పేర్లు మార్చుకొనుట మనకు క్రొత్త కాదు. ధరలు పెరిగినవని పనిమనిషి జీతము కోయు గృహస్థుడును, కొడుకు చదువు సాగనిచ్చి కూతురి చదువు మాన్పించు తండ్రియు చేయుచున్నది ఇదియే.

పురాణముననే సాక్ష్యము కావలయునన్నచో మహాప్రస్థానము కలదు. ద్రౌపదియు, తమ్ములు నలుగురును ఒకరి తరువాత నొకరు పడిపోవగా ధర్మరాజు నిలువక నడచెను. అట్టివాడు, రథ మెక్కుమని ఇంద్రుడు పిలిచినపుడు, వెంటవచ్చిన కుక్కను విడిచి రాననెను. భార్యను, తమ్ములను విడిచినవానికి కుక్కపై ఈ పట్టుదల యేల యని ఇంద్రు డడిగెను. మరణించినవారిని తాను బ్రదికింపజాలననియు, వారు బ్రదికియుండగా విడువలేదనియు ధర్మరాజు సమాధాన భావము. ప్రాణములతో వెంట వచ్చుచున్నవానిని విడుచుట వేఱు. ధర్మరాజు గీచిన గీత అది. పైగా ఆ కుక్కను ఎవరును పిలువలేదు. గుమాస్తాగారిని జట్టువారు పిలిచి, చందా పుచ్చుకొని మఱి తెచ్చుకొనిరి.

ఇక బాకీ మాట. సైకిలు తొక్కువాని బలములో పెద్దపాలు గాలిని త్రోయుటకే పోవును. ముందువాని చాటున దగ్గఱగా పోవువానికి, గంటకు 30 కిలోమీటర్ల వేగమున, నాలుగవవంతునకు తక్కువ కాని శ్రమ తప్పునని లెక్కలు కలవు. ఎదురుగాలిలో నీ లాభము తక్కువ వేగముననే కలుగును. అందుచేతనే జట్టులో ముందుస్థానమున వంతులవారీగా నుందురు. క్రొత్తవారగుట వలన గుమాస్తాగారికి ఈ వంతుల సంగతి తెలియదు. మొయినాబాదునుండి చేవెళ్లకు సమీపించువఱకు ఆయనయే ముందుండి గాలిని మోసిరి. ఆ చాటు సుఖముగా నుండుటచే కాబోలు, దిగి వెనుకకు రమ్మని ఎవరును చెప్పలేదు! టీకొట్టులో మిగిలియున్న బలములో కొంత ఆయనది. అప్పుతెచ్చిన రొక్కమును తమ సంపాదన యనుకొన్నవారికి ఋణదాత అశక్తుడుగా తోచుట సహజమే.

ఇచ్చట మడ్‌గార్డును గూర్చి యొకమాట. వెనుక చక్రపు మడ్‌గార్డు, అందును క్రిందికి వ్రేలాడు రబ్బరు పలక, చిమ్మిన బురద వెనుకవాని ముఖమున పడకుండ కాచును. ఇంగ్లండులో పెక్కు సైకిలు జట్లవారు చలికాలపు వానలలో అది లేనివానిని తమ వరుసలో చేరనీయరు. మన పాలవాని సైకిలునకు అది యున్నది. వేలకువేలు పోసి కొన్న సైకిళ్లకు లేదు.

ఒంటరిగా పోదలచినవాడు దోషి యని మేము చెప్పుటలేదు. 1897లో ఇటలీలో పండ్రెండుగురు రోమునుండి నేపుల్సునకు దాదాపు 230 కిలోమీటర్లు ఒక పగటిలో పోయిరి. అట్టి యాత్రలను 1904లో ఫ్రాన్సున ఆంరీ దెగ్రాంజ్ ఒక పద్ధతిలో పెట్టెను: అందఱును ఒక్క జట్టు, నాయకుడు నిర్ణయించిన వేగము, ఆయనను దాటిపోరాదు. 1921లో ప్యారిసు ఆడాక్సు క్లబ్బు వేఱుపడి, ఎవరి వేగమున వారు పోవు పద్ధతిని ఆరంభించెను. నేటి ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ యాత్రలో 1200 కిలోమీటర్లను గరిష్ఠముగా 90 గంటలలో ముగింపవలయును. 2007లో ఎడతెగని వానలచే నూటికి ముప్పదిమంది వఱకు మధ్యలో మానుకొనిరి. వారి కొఱకు ఆగనివారిని ఎవరును నిందింపలేదు. ఏలయన ఆగుదుమని వారు మాట యియ్యలేదు. ఈ రెండు పద్ధతులును సత్యమైనవే. ప్రొద్దున మొదటి పద్ధతి పేర పిలిచి, వానలో రెండవదానికి మారుటయే అసత్యము.

నెమ్మదిగా పోవువానికిని ధర్మము లేకపోలేదు. తన శక్తిని ముందుగా ఉన్నదున్నట్లు చెప్పవలయును, అలసినపుడు దాచరాదు. కాని వెనుకబడినందుకు నవ్వు జట్టులో ఎవడు నిజము చెప్పును?

నాయకుడు ఎక్కువ వాదింపలేదు. ఇంకొకనిని తోడు తీసికొని వెనుకకు పోయెను. నాలుగు కిలోమీటర్ల దూరమున గుమాస్తాగారు పంక్చరైన సైకిలును నడిపించుకొని వచ్చుచుండిరి. ఫోను తడిసి పనిచేయుట మానినదట. టీకొట్టునకు రాగానే ఆయన మొదట చేసినపని అందఱకును క్షమాపణ చెప్పుట. అప్పుడు మఱియొక చిత్రము జరిగినది. గంటకు పైగా విశ్రమించిన వారందఱును, ఆయన వచ్చినారు గనుక ఇక పోవచ్చునని, ఒక్కుమ్మడి లేచిరి! ఎవరికి విశ్రాంతి అక్కఱలేదో వారికి గంట. ఎవరికి కావలయునో వారికి నిమిషమైన లేదు. నాయకుడు అందఱను మరల కూర్చుండబెట్టి, ఆయనచేత టీ త్రాగించి, అటుపై తన వెనుకనే ఆయనను నిలిపి, ఆయన వేగముననే జట్టును నడిపించెను. చీకటి పడునప్పటికి కొండ చేరితిమి.

ఆ పిమ్మట గంటకు 20 కిలోమీటర్లు పోలేనివారు రారాదని నియమము చేయవలయునని కొందఱనిరి. మా కందులో అభ్యంతరము లేదు. అట్టి నియమమును ముందుగా కాగితముపై వ్రాసి, చందా పుచ్చుకొనకముందు చూపినచో అది న్యాయమే; వానలో, నడిదారిలో, మనసులో వ్రాసికొనుటయే కాదు. గుమాస్తాగారు తరువాతి రెండు యాత్రలకును రాలేదు. ఆ నియమమును వ్రాయుటకు ఇంతవఱకు ఎవరును కలము పట్టలేదు.