దారికి ఒక్క గొంగడి



యేసు ప్రభువు పన్నిద్దరు శిష్యులను ఇద్దరిద్దరిగా ఊళ్లకు పంపిన సంగతి మార్కు శుభవార్త 6వ అధ్యాయంలో ఉంది. అక్కడ మార్కు ఎక్కువగా రాసింది శిష్యులు చేయవలసిన బోధ గురించి కాదు, వాళ్లు మోయవలసిన మూట గురించి. రొట్టె వద్దు, జోలె వద్దు, నడికట్టులో డబ్బు వద్దు, రెండో అంగీ వద్దు. కాళ్లకు చెప్పులు, చేతిలో ఒక కర్ర ఉంటే చాలు. మత్తయి, లూకా శుభవార్తల్లో ఆ కర్ర కూడా వద్దనే ఉంది. మార్కు మాత్రం కర్రను ఉంచారు.

ఈ వాక్యాలను పూజలో విన్నప్పుడు ‘ఇవి గురువులకు, మఠకన్యలకు చెప్పిన మాటలు’ అనుకొని ఊరుకుంటాం. నిజానికి ఇవి నడిచేవాళ్లకు చెప్పిన మాటలు. దూరం నడిచినవాళ్లకు వీటి అర్థం వెంటనే తెలుస్తుంది. మొదటి కోసులో బరువనిపించనిది ఐదో కోసులో భుజాన్ని కోస్తుంది.

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఈ వాక్యానికి వ్యాఖ్యానం కావాలంటే పెద్ద గ్రంథాలు తిరగేయనక్కరలేదు. గొర్రెల మంద వెంట నడిచే కురుమ సోదరుణ్ణి చూస్తే చాలు. మేత వెతుక్కుంటూ రోజుల తరబడి ఊరు విడిచి తిరిగే ఆ మనిషి దగ్గర పెట్టె లేదు, పరుపు లేదు, గొడుగు లేదు. భుజంమీద గొంగడి, చేతిలో కర్ర ఉంటాయి.

ఆ గొంగడి ఎలా తయారవుతుందో ఈతరం పిల్లలకు తెలియకపోవచ్చు. దక్కనీ గొర్రెల నల్లని ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, గుంట మగ్గంమీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ముట్టుకుంటే ముతకగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. కాని అది చేసే పనులు లెక్కపెట్టండి. తెల్లవారుజామున చలికి కప్పుకొనే శాలువా అది. వాన వస్తే ఒక కొన మడిచి తలమీద గూడులాగా వేసుకుంటే నీళ్లు పైనుంచి జారిపోతాయి. ఎండకు రెండు కర్రలమీద పరిస్తే నీడ. బండమీద వేస్తే కూర్చునే పీట. రాత్రికి సగం కింద, సగం పైన. దారిలో గొర్రె ఈనితే పిల్లను చుట్టి ఎత్తుకొనే ఉయ్యాల. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అని మనం సామెత చెప్పుకుంటాం. అన్నం తినడానికి కూడా అదే చోటు కాబట్టి ఆ సామెత పుట్టింది.

కర్ర సంగతీ అంతే. ఏటిలో లోతు చూడటానికి, కొమ్మ వంచి మేకకు ఆకు అందించడానికి, కుక్కను అదిలించడానికి, మూట తగిలించుకోవడానికి, మోకాలు నొచ్చినప్పుడు ఆనుకోవడానికి ఒకే కర్ర. మార్కు ఈ కర్రను ఎందుకు ఉంచారో కురుమ సోదరుణ్ణి అడిగితే చెబుతాడు.

మన తల్లుల చీర కొంగు కూడా ఇలాంటిదే. చెమట తుడుస్తుంది, డబ్బు ముడివేస్తుంది, పిల్లకు నీడ పడుతుంది, చేనులో ఏరిన గింజలను ఇంటికి మోస్తుంది. బేత్లెహేము కళ్లంలో బోవసు కొలిచి ఇచ్చిన ఆరు కొలతల యవలను రూతు తన పైబట్టలోనే కట్టుకొని అత్త దగ్గరకు తెచ్చింది. నాట్ల కాలంలో మన పొలాల్లో ఖాళీ యూరియా సంచిని ఒక మూల లోపలికి నెట్టి, తలమీద వేసుకొని వానలో పనిచేసే ఆడవాళ్లను మనం చూడటంలేదా? ఆ సంచే గట్టుమీద పీట, సాయంత్రం గడ్డి మోసే మూట.

ఈ తెలివిని ఇప్పుడు పెద్ద దేశాలవాళ్లు ఒక శాస్త్రంలాగా నేర్చుకుంటున్నారు. వందల కిలోమీటర్లు కొండదారుల్లో నడిచేవాళ్లు ప్రతి వస్తువునూ తూకం వేసుకుంటారు. ‘ఇది ఎన్ని పనులకు వస్తుంది?’ అని అడుగుతారు. చేతికర్రలే రాత్రికి గుడారం నిలబెట్టే గుంజలు. వానకోటే గుడారం కప్పు. పడుకొనే చాపే పగలు సంచికి వెన్నుపట్టీ. మిగిలిన బట్టలు కుక్కిన సంచే తలగడ. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా స్త్రీ, 11 మంది పిల్లల తల్లి, తన 67వ ఏట అపలాచియన్ కొండదారిని మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా నడిచింది. సుమారు 3,300 కిలోమీటర్లు. ఆమె మోసింది తాను ఇంట్లో కుట్టుకున్న ఒక గుడ్డసంచి. అందులో ఒక కంబళి, వానకు కప్పుకోవడానికీ తలదాచుకోవడానికీ స్నానాలగదిలో కట్టే ఒక ప్లాస్టిక్ తెర. కాళ్లకు మామూలు గుడ్డబూట్లు. మన ఊరి ముసలమ్మ ఆమెను చూసి ఉంటే పెద్దగా ఆశ్చర్యపోయేది కాదు.

తత్వశాస్త్రం చదువుకున్నవాళ్లు ఇక్కడ అరిస్టాటిల్‌ను తలచుకుంటారు. ఆయన ‘రాజనీతి’ గ్రంథం మొదట్లోనే ఒక మాట అన్నాడు. ఒకే కత్తిని అనేక పనులకు వచ్చేట్టు పొదుపుగా చేసే డెల్ఫీ కమ్మరిలాగా ప్రకృతి పనిచేయదట. ఒక్కో పనికి ఒక్కో వస్తువును చేస్తుందట. ఒక్క పనికే ఉంచిన పనిముట్టు ఆ పనిని బాగా చేస్తుందని ఆయన వాదం. ఇంట్లో కూర్చున్నవాడికి ఆ మాట సరిపోతుంది. గొంగడి మంచి గొడుగు కాదు, మంచి పరుపూ కాదు. కాని దారిలో ఉన్నవాడు అన్నిటిలో మంచివాటిని ఎంచుకోలేడు. అన్నిటికీ చాలినదాన్ని ఒక్కటి పట్టుకుంటాడు. శ్రీసభ తనను తాను యాత్రలో ఉన్న దైవప్రజ అని చెప్పుకుంటుంది. అందుచేత మనం వస్తువులను చూడవలసింది కాపురమున్నవాడి కళ్లతో కాదు, దారిన పోయేవాడి కళ్లతో.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. నడిచేవాళ్లందరికీ అది తెలుసు. ఒకే వస్తువు రెండు పనులు చేయగలదు గాని, ఆ రెండు పనులూ ఒకేసారి వచ్చిపడితే చేయలేదు. వానకోటునే గుడారంగా వేయాలనుకున్నవాడు, వాన కురుస్తుండగా గుడారం వేయవలసి వస్తే తడిసిపోతాడు. పగలంతా వానలో తడిసిన గొంగడే రాత్రికి దుప్పటి కావాలి. ఇంకొకటి, ఆ ఒక్కటీ పోతే ఒక వస్తువు పోయినట్టు కాదు. గొడుగు, కోటు, పరుపు, దుప్పటి అన్నీ ఒక్కసారే పోయినట్టు.

దేవుడు ఈ చిక్కును మనకంటే ముందే ఎరుగును. నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఒక చట్టం ఉంది. పేదవాడి పైబట్టను అప్పుకు కుదువగా తీసుకుంటే, పొద్దు గూకకముందే తిరిగి ఇచ్చివేయాలి. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూడా అదే చెబుతుంది. పొద్దు గూకే వేళ అని ఎందుకు గడువు పెట్టారు? ఆ వేళకే ఆ బట్ట పని మారుతుంది కనుక. పగలు అంగవస్త్రమైనది రాత్రికి పరుపూ దుప్పటీ అవుతుంది. అది తప్ప కప్పుకోవడానికి అతనికి మరేమీ లేదనీ, అతడు మొరపెడితే తాను ఆలకిస్తాననీ దేవుడే చెబుతున్నాడు. అప్పిచ్చినవాడి లెక్కలో అది ఒక పాత బట్ట. దేవుని లెక్కలో అది ఒక మనిషి రాత్రి.

ప్రవక్త ఆమోసు 2వ అధ్యాయంలో ఇంకా కఠినంగా మాట్లాడాడు. కుదువ పట్టిన బట్టలను పరుచుకొని బలిపీఠాల పక్కనే ఒరిగి కూర్చునేవాళ్లను ఆయన నిలదీశాడు. పీఠం పక్కన కూర్చున్నవాడి కింద ఎవరి దుప్పటి ఉందో దేవుడు చూస్తాడు. ఈ మాట గుడికి రానివాళ్లకు కాదు, వచ్చేవాళ్లకే.

తేలికగా నడవడం కొందరికి ఎంపిక, కొందరికి గతి. ఈ తేడా మరువరాదు. 2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ పడినప్పుడు మన రహదారులమీద తలమీద ఒక మూట, చంకలో ఒక బిడ్డతో నడిచినవాళ్లను చూశాం. ఆ ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప చేలల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ వైపు అడవిదారిలో మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణం విడిచింది. ఆ గుంపులో ఎవరూ తక్కువ మోయాలని వ్రతం పట్టి బయలుదేరలేదు. ఉన్నదే అంత. పేదరికాన్ని ప్రసంగ పీఠంమీదినుంచి పొగిడేటప్పుడు నాబోటి గురువులు ఆ బిడ్డను జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఈనాడు గొంగడి ఎవరూ కుదువ పట్టరు. కాని ఈనాటి కూలివాడి గొంగడి ఏది? చేతిలోని సెల్‌ఫోనే అతనికి గడియారం, టార్చిలైటు, ఉత్తరం, బ్యాంకు, పని దొరికే దారి. కొందరికి అది ఇంట్లో ఉన్న ఒక్క కుట్టుమిషను, ఒక్క పాడిబర్రె, ఒక్క పాత బండి. అప్పు రాలేదని ఏటీఎం కార్డు గుంజుకొని దగ్గర పెట్టుకునేవాళ్లు, రేషన్ కార్డు పట్టుకొనిపోయేవాళ్లు ఉంటే, వాళ్లు తీసుకున్నది ఒక అట్టముక్క కాదు. ఒక కుటుంబం తిండీ మందులూ పిల్లల చదువూ దానిమీదే ఆనుకొని ఉన్నాయి. విచారణలో అప్పులిచ్చే పెద్దలు, పొదుపు సంఘాలు నడిపే సోదరీమణులు ఈ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నేను పట్టుకున్నది ఆ ఇంటివాళ్లు రాత్రికి కప్పుకొనేదా? అయితే పొద్దు గూకకముందే ఇచ్చివేయండి. బాకీ సంగతి పగలు మాట్లాడుకోవచ్చు.

ఇంటిలోపల కూడా ఇది చూసుకోవాలి. చాలా ఇళ్లలో అన్ని పనులకూ ఒక్క తల్లే. పొలానికి, పొయ్యికి, పసిపిల్లకు, పడకమీదున్న ముసలివాళ్లకు ఆమె ఒక్కతే. వస్తువును పది పనులకు వాడటం పొదుపు. మనిషిని అలా వాడటం పాపం. ఆమె మంచాన పడినరోజున ఇల్లంతా తడిసిపోతుంది.

ఇక ఒక గొంగడి చేయగల పనుల్లో చివరిది చెబుతాను. నాల్గవ శతాబ్దంలో మార్టిన్ అనే సైనికుడు గాలియా దేశంలోని అమియెన్ పట్టణ ద్వారం దగ్గర చలికి వణుకుతున్న బిచ్చగాణ్ణి చూశాడు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. కత్తి దూసి తన పైవస్త్రాన్ని రెండుగా కోసి సగం కప్పాడు. తరువాత ఆయన తూర్ పట్టణానికి పీఠాధిపతి అయ్యాడు. నవంబరు 11న ఆయన పండుగ చేసుకుంటాం. ఆయన వస్త్రాన్ని ఫ్రాంకుల రాజులు పవిత్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో ఆ చిన్న వస్త్రాన్ని ‘కపెల్లా’ అన్నారు. దాన్ని ఉంచిన చోటుకు అదే పేరు వచ్చింది. మనం చిన్న గుడిని ‘చాపెల్’ అనే మాట అక్కడినుంచే పుట్టింది. ఆ వస్త్రం సైనికుణ్ణి ఎన్నో రోజులు కాపాడి ఉంటుంది. కాని దాని పేరు నిలిచింది ఇంకొకరిని కప్పినందుకు.

స్పెయిన్‌లో అపోస్తలుడైన యాకోబు పుణ్యక్షేత్రం సంతియాగోకు వెయ్యేళ్లకు పైగా జనం నడుస్తున్నారు. 2024లో సుమారు 5 లక్షలమంది అక్కడికి చేరి యాత్రాపత్రం తీసుకున్నారు. ఆ యాత్రికుల కోసం 12వ శతాబ్దంలో రాసిన ఒక లాటిన్ ప్రసంగం వాళ్ల సంచిని వర్ణిస్తుంది. సంచి ఇరుకుగా ఉండాలి, ఎందుకంటే యాత్రికుడు దేవుణ్ణి నమ్మి కొంచెమే మోస్తాడు. దాని మూతికి ముడి ఉండకూడదు, ఎందుకంటే తనకున్నది ఇతరులకు ఇవ్వడానికీ, ఇచ్చింది పుచ్చుకోవడానికీ అది ఎప్పుడూ తెరిచే ఉండాలి.

తపస్సు కాలంలోనో, ఫిబ్రవరి నెలలో గుణదల మరియమాత తిరునాళ్లకో కాలినడకన పోయే కుటుంబాలకు నా సలహా ఇదే. వెనక సామాను బండి పెట్టుకొని ముందు నడిస్తే అది యాత్ర కాదు, ఊరేగింపు. ఒక దుప్పటి, ఒక తువ్వాల, ఒక కర్ర, నీళ్లసీసా చాలు. ప్రతి వస్తువునూ ‘నువ్వు ఎన్ని పనులకు వస్తావు?’ అని అడగండి. ఒక్క పనికే వచ్చేదాన్ని ఇంట్లో విడిచిపెట్టండి. మందులు మాత్రం విడిచిపెట్టవద్దు. బీపీ, షుగరు మాత్రలకు బదులు పనిచేసే వస్తువు ఇంకొకటి లేదు. సంచి మూతి మాత్రం బిగించి కట్టవద్దు. పక్కన నడిచేవాడికి దుప్పటి లేకపోతే మీ దుప్పటికి ఇంకొక పని దొరికినట్టే.

మనలను తేలికగా నడిపించే ప్రభువు, ఒక్కటే ఉన్నవాళ్ల ఆ ఒక్కదాన్ని కాపాడే మనసు మనకు దయచేయునుగాక. ఆమెన్.