నలగడానికే పెట్టినవాళ్లు

కరిగిన అల్యూమినియంలో టైటానియం హైడ్రైడ్ పొడి కలిపితే హైడ్రోజన్ పుట్టి లోహమంతా బుడగలు కడుతుంది. అలాగే చల్లారిస్తే గట్టిపడ్డ నురుగు మిగులుతుంది. చూస్తే రాయిలా ఉంటుంది గానీ లోపల చాలా భాగం గాలే. నీళ్లలో వేస్తే తేలుతుంది కూడా. బరువైన వాటికి దెబ్బ తగలకుండా దీన్ని అడ్డం పెడతారు.

ఆర్మూరులో లారీ మీంచి బరువైన డ్రమ్ములు దించేటప్పుడు కింద పాత టైరు వేయడం చూశాను. డ్రమ్ము దానిమీద పడి మళ్లీ ఎగురుతుంది. టైరు తీసుకున్నదాంట్లో చాలావరకు తిరిగి ఇచ్చేస్తుంది. లోహపు నురుగు అలా కాదు. ఒక్కో గదీ నలుగుతూ దెబ్బను తనలోనే దాచుకుంటుంది, ఇక లేవదు.

దీని గురించి చదివినప్పుడు త్యాగం అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడు నాకు ఆ మాటమీదే అనుమానం.

పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి మార్కెట్టుకి తెచ్చేసరికి ధర పడిపోయి ఉంటుంది. ఆ పడిన దెబ్బ కొనేవాడి దగ్గర ఆగదు, దళారి దగ్గర ఆగదు. వచ్చి వచ్చి రైతింట్లో ఆగుతుంది. "ఈ ఒక్క ఏడు ఓర్సుకుందాం" అనుకుంటారు ఇంట్లో. బయట మనం రైతు ఓర్పును పొగుడుతాం. డబ్బులిచ్చే పని కాదు కాబట్టి పొగడ్త తేలిక. తనంతట తాను అడ్డం నిలబడ్డ మనిషిని త్యాగి అనొచ్చు. వేరే చోటు లేక అక్కడున్నవాణ్ణి ఏమనాలి?

నురుగు నలుగుతున్నంతసేపూ దాని ఒత్తిడి పెద్దగా మారదు, గ్రాఫులో గీత బల్లపరుపుగా సాగుతుంది. చూసేవాళ్లకి ఇంకా ఎంతైనా భరిస్తుందనిపిస్తుంది. గదులన్నీ మూసుకుపోయాక మాత్రం గీత ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది. ఇక అది ఉత్త లోహం. దెబ్బ నేరుగా వెనకున్నదానికి తగులుతుంది. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. దేశమంతా అదో వింతలా చూసింది. నాకైతే గీత లేచిన చోటు అదే అనిపిస్తుంది.

ఇంజనీరు నురుగు ముక్క ఎంత భరిస్తుందో ముందే కొలుస్తాడు, నలిగాక తీసేసి కొత్తది పెడతాడు. నిర్జీవమైన లోహానికి దక్కే ఈపాటి లెక్క పసుపు రైతుకు ఎవరు కట్టారు? 2025 జనవరిలో నిజామాబాదుకి పసుపు బోర్డు వచ్చింది. ఈసారి ధర పడితే అందులో ఎంత భాగం తన మీద వేసుకుంటుందో చూడాలి.