లేపింది గాలా, నేనా?

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. పడినవాడు లేచాడు. ఆ గొప్ప ఎవరిది? ఇంకొకడు లేవలేకపోయాడు. ఆ తప్పు ఎవరిది?

లేచినవాణ్ణి అడిగితే "నా కష్టంతో లేచాను" అంటాడు. లేవనివాణ్ణి అడిగితే "నాకు కాలం కలిసిరాలేదు" అంటాడు. ఇద్దరి మాటా సగమే నిజం. మిగతా సగం చూడాలంటే నీళ్ల మీద ఆడే ఒక ఆట దగ్గరికి వెళ్లాలి. దాని పేరు విండ్‌సర్ఫింగ్.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ 1964లో ఒక బోర్డు మీద తెరచాప నిలిపి నడిపాడు. 1968లో కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హొయెల్ ష్వైట్జర్ తెరచాప కొయ్యను ఎటు కావాలంటే అటు వాలే కీలుతో బోర్డుకు బిగించి పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ నాటికి అది పోటీ ఆట అయింది. దీనికి చుక్కాని ఉండదు. నిలబడిన మనిషి తెరచాపను ముందుకో వెనక్కో వాల్చి దారి మళ్లిస్తాడు.

ఈ ఆటలో పడటం మామూలు. కొత్తవాళ్లు పెద్ద బోర్డు ఎక్కి నిలబడి, తాడు పట్టి తెరచాపను నీళ్లలోంచి పైకి లాగుతారు. చిన్న బోర్డుతో ఆ పని కుదరదు. 80 కిలోల మనిషి 75 లీటర్ల బోర్డు మీద కదలకుండా నిలబడితే బోర్డే మునిగిపోతుంది. అప్పుడు నీళ్లలో ఉండగానే గాలి చేత పైకి లేపించుకోవాలి. దీన్నే వాటర్ స్టార్ట్ అంటారు.

ఎలా లేస్తారో నిదానంగా చూడండి. ముందు గాలి ఎటునుంచి వస్తోందో తెలుసుకోవాలి. మనిషి గాలి వచ్చే వైపు ఉండాలి. తెరచాప కొయ్య అతని దగ్గర, తెరచాప అవతలి వైపు ఉండాలి. ఇది తారుమారైతే గాలి తెరచాపను పైనుంచి నీళ్లలోకే తొక్కుతుంది. ఆ తర్వాత కొయ్యను కొంచెం ఎత్తి, గాలికి ఎదురుగా ఈదాలి. ఒక్కసారిగా నిట్టనిలువుగా ఎత్తబోతే రాదు, మీదున్న నీటి బరువు వదలదు. అంచు కింద గాలి దూరితే నీళ్లు జారిపోతాయి, తెరచాప తనంతట తానే తేలుతుంది. అప్పుడు బోర్డును గాలికి అడ్డంగా పెట్టి, వెనక కాలు దాని మీద వేసి, తెరచాపకున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఆగాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. మనిషి కంగారుపడి కడ్డీకి వేలాడి, తన ఒంటిని పైకి లాక్కోబోతాడు. ఎంత లాగితే తెరచాప అంత కిందికి వంగుతుంది, గాలి జారిపోతుంది, మళ్లీ నీళ్లలోకే. చేయాల్సింది దీనికి పూర్తిగా తిరకాసు. చేతులు చాచి తెరచాపను పైకి నెట్టాలి, మోకాలు మడిచి బోర్డును దగ్గరికి తెచ్చుకోవాలి, తల ముందుకు వంచాలి, రెండో కాలితో నీళ్లు తన్నాలి. తెరచాప ఎంత ఎత్తుకు పోతే అంత గాలి పడుతుంది. ఆ గాలే మనిషిని లేపి నిలబెడుతుంది.

మరి లేపింది గాలా, మనిషా? గాలి లేకపోతే ఎంత నేర్పరి అయినా లేవలేడు. మామూలుగా సుమారు 12 నుంచి 15 నాట్ల గాలి, అంటే గంటకు 22 నుంచి 28 కిలోమీటర్ల వేగం కావాలి. అయితే గాలి బాగా వీస్తున్నా కొయ్య ఎత్తనివాడు, ఎత్తే తీరు తెలియనివాడు నీళ్లలోనే ఉంటాడు. ఒక్క కారణం చాలదు. ఇది ఉంటే అది కలుగుతుంది, ఇది లేకపోతే అది కలగదు అని మనం ధమ్మంలో నేర్చుకున్నదే ఇక్కడ కళ్లముందు కనబడుతుంది.

సోణుడికి బుద్ధుడు చెప్పిన వీణ తీగల పోలిక మీకు తెలుసు. మరీ బిగిసినా, మరీ వదులైనా శబ్దం సరిగా రాదు. వాటర్ స్టార్ట్‌లో కూడా అంతే. బలమంతా పెట్టి లాగేవాడూ లేవడు, చేతులు వదిలేసినవాడూ లేవడు.

మీరు ఒకటి అడగవచ్చు. "పడేసిన గాలే లేపుతుందంటున్నారు. అంటే మనల్ని తొక్కిన బలానికి దండం పెట్టాలా?" అక్కర్లేదు. గాలికి పగా లేదు, దయా లేదు. మనిషిని మనిషి తొక్కడం గాలి పని కాదు, అది మనుషులు చేసే తప్పు, మనుషులే దిద్దాలి. ఈ పోలిక అంతదూరం పోదు. అది చెప్పేది ఇంతే: లేచినవాడు గాలిని మర్చిపోకూడదు, లేవనివాణ్ణి చేతకానివాడనకూడదు. అలాగే మనం గాలి లేదని ఊరికే తేలుతూ ఉండకూడదు.

ఉద్యోగం వచ్చిన తమ్ముడికి ఈ మాట చెప్పండి. నీకోసం ఫీజు కట్టిన అమ్మ, పాఠం చెప్పిన మాస్టారు, హక్కులు సాధించి పెట్టిన పెద్దలు, వీళ్లంతా నీ గాలి. పరీక్ష తప్పిన చెల్లికి ఇంకో మాట చెప్పండి. బలం తక్కువై కాదమ్మా, కొయ్య ఏ వైపు ఉందో ఒకసారి చూసుకో.

చివరిగా ఇంకొకటి. వాటర్ స్టార్ట్‌ను ఎవరూ మొదటిరోజే లోతు నీళ్లలో నేర్పరు. నడుములోతులో మొదలుపెట్టిస్తారు, కాళ్లు నేలకు ఆనుతాయి. తర్వాత ఛాతీలోతు, ఆ తర్వాతే కాళ్లందని లోతు. నేర్చినవాడు పక్కన నిలబడి బోర్డు పట్టుకుంటాడు. మీరు లేచి ఉంటే, ఈ ఆదివారం మీ ఊళ్లో నడుములోతులో నిలబడి ఉన్నవాళ్లెవరో చూడండి. వాళ్ల పక్కన కాసేపు నిలబడండి.