చెప్పియు చెప్పని మాట

హైదరాబాదులో ఒక కంప్యూటరు సంస్థయందు శాఖాధిపతిగా నున్న మా మేనల్లుడు క్రిందటి కార్తికమాసమున ఇంటికి వచ్చినపుడు, తన పై అధికారులు పంపిన లేఖ నొకదానిని నాకు చూపెను. తన క్రింద పనిచేయు ఆరుగురికి అతడు దాని నందజేయవలెను. 'సంస్థను సముచిత పరిమాణమునకు తెచ్చుట', 'వనరుల పునర్వ్యవస్థీకరణము', 'నూతన అవకాశముల వైపు ప్రస్థానము' అని ఆంగ్లమున రెండు పుటలు సాగినది. నేను దానిని తెనిగించి చదువుచుండగా, ప్రక్కన తులసిమాల కట్టుచున్న మా అక్కయ్య తలయెత్తి, "ఇంతకూ ఆ పిల్లల ఉద్యోగాలు ఉన్నట్లా, పోయినట్లా నాయనా?" అని కుమారుని అడిగినది. అతడు నవ్వబోయి, నవ్వలేక యూరకుండెను.

ఆ లేఖలో అసత్య మొక్కటియు లేదు. అయినను దానిని సత్యమనవచ్చునా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ద్రోణపర్వమున ధర్మరాజు అశ్వత్థామ హతుడయ్యెనని బిగ్గరగా పలికి, ఏనుగు అను మాటను మాత్రము వినబడకుండ ననెను. అంతవరకు నేలకు నాలుగు వ్రేళ్ల యెత్తున నిలిచియుండిన ఆయన రథము నాడు భూమిని తాకెను. వినువానికి తెలియకుండుటకై పలికిన సత్యము సత్యమనిపించుకొనదనియే గదా దీని భావము! ధర్మరాజుకు తాను దాచినదేదో తెలియును. నేటి అధికారులలో పలువురకు ఆ మాత్రపు ఎరుకయు లేదు. పనిచేయు మనుష్యుని పదేండ్లపాటు 'రిసోర్సు' అని పిలిచినవానికి ఆ మనుష్యుని ఇంటి అద్దెయు, పిల్లల బడి ఫీజును ఎట్లు కనబడును?

2014 జూలై 17వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థలో పరికరముల విభాగమునకు అధిపతియైన స్టీఫెన్ ఎలాప్ తన ఉద్యోగులకొక లేఖ వ్రాసెను. నోకియావారి ఫోనుల వ్యాపారమును ఆ సంస్థ అదే సంవత్సరము ఏప్రిలులో కొనియుండెను. లేఖ పలకరింపుతో ఆరంభమై, వ్యూహములను గూర్చియు ఫోనులను గూర్చియు పది పేరాలు నడచినది. సుమారు 12,500 మంది ఉద్యోగములు పోవునన్న సంగతి పదునొకండవ పేరాలో నున్నది! అంతవరకు చదువువాని గుండె ఎట్లు కొట్టుకొనియుండునో ఊహింపుడు. పత్రికలు దీనిని తీవ్రముగానే విమర్శించినవి.

"కఠినమైన సంగతిని మెత్తగా చెప్పడం దయ కాదా మామయ్యా?" అని మేనల్లుడు వాదించెను. త్రోసిపుచ్చదగిన వాదము కాదు. అప్రియసత్యమును పలుకవలదని పెద్దలు చెప్పియే యున్నారు. కాని ఎదుటివాడు వినక తప్పని వార్త మాట యేమి? రాముని అడవికి సాగనంపి సుమంత్రుడు ఖాళీ రథముతో అయోధ్యకు మరలినపుడు, పురజనులు వేలకొలదిగా పరుగెత్తివచ్చి రాముడెక్కడ అని అడిగిరి. గంగ యొడ్డున రాముని వద్ద సెలవు గైకొని, ఆయన యానతిమీద మరలివచ్చితినని సుమంత్రుడు తెలిపెను. అంతకంటె అప్రియమైన వార్త ఆ నగరమునకు వేరే కలదా? పిదప అతడు ముఖము కప్పుకొని రాజమార్గమున సాగిపోయెనని వాల్మీకి వర్ణించినాడు. ముఖమును కప్పుకొనెను గాని మాటను కప్పలేదు.

మేనల్లుడు తిరిగి వెళ్లి లేఖను మార్చ యత్నించెను. న్యాయవాదులు కూర్చిన వాక్యములు గనుక ఒక్క యక్షరమును కదల్చుటకు పైవారు ఒప్పుకొనలేదట. అందుచేత అతడు ఆరుగురను ఒక్కొక్కరినిగా పిలిచి, "మీ ఉద్యోగం ఈ నెలాఖరుతో పోతున్నది" అని ముందుగా నోట చెప్పి, కారణము వివరించి, ఆ తరువాతనే లేఖ నిచ్చెను. నాల్గవవాడు పెండ్లి కుదిరిన యువకుడు. చాలసేపు కిటికీవైపు చూచి, "మా నాన్నగారికి ఇది ఎలా చెప్పాలి సార్?" అని యడిగెనట. తనవద్ద సమాధానము లేకపోయినదని మేనల్లుడు ఫోనులో చెప్పి మిన్నకుండెను. మరుసటి ఆదివారము ఆ యువకునితో కలిసి వాని ఊరికి వెళ్లివచ్చినట్లు మా అక్కయ్య ద్వారా తరువాత తెలిసినది.