పక్కవాద్యం

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున ఒక ఫిడేలు అయ్యవారు ఉండేవారు. ఆయన దగ్గర ఎందరో నేర్చుకున్నారు గానీ, చెయ్యి తిరిగినవాళ్లు ఇద్దరే. పెద్ద శిష్యుడు మూడు కాలాల్లో వర్ణం వాయిస్తుంటే వినేవాళ్లు కళ్లార్పేవారు కాదు. పోటీకి వెళ్తే బహుమతి లేకుండా తిరిగి వచ్చేవాడు కాదు. ఎవరికైనా పక్కవాద్యం వాయించమంటే మాత్రం, "నా విద్య ఇంకొకరి పాటకు తోక కావాలా?" అనేవాడు.

చిన్న శిష్యురాలు పిలిచినవాళ్లందరికీ వాయించేది. ఆదోనిలో హరికథ అంటే బస్సెక్కేది, ఎమ్మిగనూరులో భజన అన్నా వెళ్లేది. దాసుగారు ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారో ముందుగా చెప్పరు. జలుబు చేసిన గాయకుడు వేదిక ఎక్కాక శ్రుతి దించమంటాడు. ఇలా ఏళ్లు గడిచేసరికి, పాడేవాళ్లు ఊపిరి తీసే తీరును బట్టే సంగతి ఎటు మలుపు తిరుగుతుందో ఆమె పసిగట్టేది.

ఒక ఏడు శ్రీరామనవమికి పది ఫిడేళ్లు ఒక్కటిగా మోగాలని గుడి పెద్దలు కోరారు. అయ్యవారు ఒప్పుకుని, నడిపించే పని పెద్ద శిష్యుడికి అప్పజెప్పారు. మోహన రాగంలో త్యాగరాజ కృతి ఎంచుకున్నారు. మొదటి రోజు అభ్యాసంలోనే అతను సంగతుల మీద సంగతులు కురిపించాడు. వెనకున్న పిల్లలు అందుకోలేక తడబడ్డారు. చరణం చేరేసరికి పదిమందీ పది దారులు పట్టారు.

"వీళ్లకు చేతగాదు అయ్యవారూ. నా సాటివాళ్లను పిలిపించండి."

"రేపట్నుంచి చెల్లెలు నడిపిస్తాది. నువ్వు ఆఖరి వరసలో కూర్చో నాయనా."

మనసు చివుక్కుమన్నా గురువు మాట కాదనలేక కూర్చున్నాడు.

పండగనాడు పొద్దు వాలినా వడగాలి తగ్గలేదు. అంత ఎండిన గాలికి కొయ్య కుదించుకుని బిరడలు వదులవుతాయి. అనుపల్లవి ముగుస్తుండగా ఓ మూల కూర్చున్న కుర్రవాడి ఫిడేలులో బిరడ గిర్రున జారి, పై పంచమం తీగ సడలిపోయింది. వాడి ముఖం పాలిపోయింది. జనంలో ఎవరికీ తెలియలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, కానీ పది నాదాల్లో ఒకటి తగ్గిందని చెవి చెప్పింది. పల్లవి మళ్లీ ఎత్తుకునేటప్పుడు భుజం కొంచెం వంచి, కమానును కింది తీగల మీదికి దింపింది. అందరూ ఆమెతోపాటు మంద్రంలోకి దిగారు. కుర్రవాడికి ఆ తీగలు చాలు. వాడూ కలిశాడు. పల్లవి కాగానే ఆమె మృదంగం ఆయన వైపు చూసింది. ఆయన నాలుగు ఆవర్తాలు అందుకున్నాడు. ఆ చప్పుడు మాటున వాడు బిరడ బిగించి తీగ సరిచేసుకున్నాడు. చరణం పది ఫిడేళ్లతోనూ నిండుగా మోగింది.

కచేరీ అయ్యాక పెద్ద శిష్యుడు ఆమె దగ్గరికి వచ్చాడు.

"నా పక్కవాడి తీగ జారితే నాకే తెలీలేదు. ముందు కూర్చున్న నీకెట్ల తెలిసెమ్మా? యాడ నేర్చుకుంటివి?"

"పాడేవాళ్ల పక్కన కూర్చునే అన్నా. వాళ్లు యాడ తడబడతారో చూసుకోవడమే కదా నా పని."

మరుసటి వారం నంద్యాలలో హరికథకు ఫిడేలు వాయించేవాళ్లు కావాలని కబురొస్తే, పెద్ద శిష్యుడు తానే వెళ్తానన్నాడు.

నీతి: వినడం రానివాడికి నడిపించడం రాదు.

ఇది కథకే పరిమితమైన మాట కాదు. విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి ఎం.ఎల్. వసంతకుమారి గాత్రానికి ఏళ్ల తరబడి వయొలిన్ సహకారం అందించారు. వయొలిన్‌ను, వీణను, నాదస్వరాన్ని ఒకే వేదిక మీద కలిపిన 'వాద్యలహరి'ని, పెద్ద పెద్ద వయొలిన్ బృందాలను నడిపించినది ఆ చెవులే. 2015లో పద్మశ్రీ, 2016లో సంగీత కళానిధి ఆమెను వరించాయి. కళానిధి అందుకున్న తొలి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆమే. లండన్‌లో 1958లో 'అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్' అనే చిన్న వాద్యబృందాన్ని స్థాపించి, వయొలిన్ వాయిస్తూనే దాన్ని నడిపిన నెవిల్ మారినర్ కూడా లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరసకు ముఖ్యుడిగా పనిచేసినవాడే.

వాయిస్తూ నడిపించేవాళ్లకు రెండు చేతులూ ఖాళీగా ఉండవు. తాళం వేసి చూపలేరు, నోటితో చెప్పలేరు. ఊపిరి, భుజం, కంటిచూపు, ఇవే వాళ్ల ఆజ్ఞలు. ఎదుటివాడి ఊపిరిని ఏళ్లపాటు గమనించినవాళ్లకే ఆ భాష పలుకుతుంది. అందుకే పిల్లలకు ఫిడేలు నేర్పిస్తున్న మన సీమ తల్లిదండ్రులకు ఒక మనవి. పోటీలకు పంపండి, తప్పులేదు. ఊళ్లో భజనకూ, హరికథకూ పక్కవాద్యానికి కూడా పంపండి. పక్కన కూర్చున్న ఆ ఏళ్లు వృథా కావు. రేపు పదిమందిని కలుపుకుపోయే నేర్పు అక్కడే అబ్బుతుంది.